ఒక్క ఔట్ మనిషి

మైదానం వెనక చరిత్ర – 12

1924 అక్టోబర్ 10. వాషింగ్టన్ నగరంలో గ్రిఫిత్ స్టేడియం కిక్కిరిసి ఉంది. అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కూడా వచ్చి కూర్చున్నాడు. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో రెండు జట్లూ చెరి మూడు ఆటలు గెలిచాయి. ఈ ఏడో ఆటతో విజేత ఎవరో తేలిపోతుంది. వాషింగ్టన్ సెనేటర్స్ తరఫున తొలి బంతి వేయడానికి కర్లీ ఆగ్డెన్ అనే కుడిచేతి పిచర్ మైదానం నడిమధ్య ఉన్న మట్టిదిబ్బ ఎక్కాడు. సరిగ్గా అదే సమయంలో ప్రేక్షకుల గ్యాలరీ కింద, ఎవరి కంటా పడని చోట, జార్జ్ మాగ్రిడ్జ్ అనే ఎడమచేతి పిచర్ బంతులు విసురుతూ చేతిని సిద్ధం చేసుకుంటున్నాడు.

ఆగ్డెన్ ఇద్దరు బ్యాటర్లకే బంతి వేశాడు. ఒకడు ఔటయ్యాడు. రెండోవాడికి గురి తప్పిన బంతులు నాలుగు పడి, నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లాడు. అంతలో మేనేజర్ బకీ హారిస్ ఆగ్డెన్ చేతిలోంచి బంతి తీసుకుని మాగ్రిడ్జ్‌ని పిలిచాడు. హారిస్‌కి అప్పటికి 27 ఏళ్లు. జట్టులో ఆడుతూనే జట్టును నడిపేవాడు. చూసేవాళ్లు ఆగ్డెన్ తడబడ్డాడు కాబట్టి మార్చారనుకున్నారు. నిజానికి ఆగ్డెన్‌ని దించాలని ముందే అనుకున్నారు. జట్టు యజమాని క్లార్క్ గ్రిఫిత్‌తో చెప్పి, ఒప్పించి, హారిస్ వేసిన ఎత్తు అది.

ఆ ఎత్తు గురి బిల్ టెర్రీ. న్యూయార్క్ జెయింట్స్‌లో కొత్తగా వెలుగులోకొచ్చిన ఎడమచేతి బ్యాటర్, ఆ సిరీస్‌లో సెనేటర్స్ పిచర్లను చితక్కొడుతున్నాడు. కానీ జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రాకి ఒక పట్టుదల ఉంది. టెర్రీని కుడిచేతి పిచర్ల మీదికే దింపేవాడు, ఎడమచేతివాడు వస్తే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. ఆగ్డెన్ వేస్తున్నాడని తెలిసి మెక్‌గ్రా టెర్రీ పేరు రాసిచ్చాడు. మాగ్రిడ్జ్ వచ్చాక ఇరుకున పడ్డాడు. ఆరో ఇన్నింగ్స్ దాకా ఓర్చుకుని, చివరికి టెర్రీని తీసేసి ఐరిష్ మ్యూసెల్ అనే కుడిచేతి బ్యాటర్‌ని పంపాడు. హారిస్ ఎదురుచూసింది దానికోసమే. వెంటనే మాగ్రిడ్జ్‌ని దించి ఫిర్పో మార్‌బెర్రీ అనే కుడిచేతివాడిని ఎక్కించాడు.

ఆ ఇన్నింగ్స్‌లో జెయింట్స్‌కి మూడు పరుగులు వచ్చిన మాట నిజం. కాబట్టి ఎత్తు పారిందని ఒక్క మాటలో చెప్పలేం. కానీ ఆట 12 ఇన్నింగ్స్ దాకా సాగింది, ఆ చివరి ఘట్టమంతా టెర్రీ బయటే ఉండిపోయాడు. ముసలి సింహం వాల్టర్ జాన్సన్ తొమ్మిదో ఇన్నింగ్స్ నుంచి బంతి పట్టి నిలబడ్డాడు. 12వ ఇన్నింగ్స్‌లో ఎర్ల్ మెక్‌నీలీ కొట్టిన బంతి నేలమీద పోతూ పోతూ ఎగిరి, 18 ఏళ్ల ఫీల్డర్ ఫ్రెడ్డీ లిండ్‌స్ట్రామ్ తల మీదుగా దూకేసింది. వాషింగ్టన్ 4–3తో గెలిచింది.

ఈ కథలో నన్ను పట్టి నిలిపేది ఆ బంతి ఎగరడం కాదు, గ్యాలరీ కింద మాగ్రిడ్జ్ ఒంటరిగా చెయ్యి కదుపుతున్న ఆ కొన్ని నిమిషాలు. ఒక బ్యాటర్ కోసం ఒక ఎడమచెయ్యిని దాచి ఉంచడమనే ఆలోచన అక్కడ కనిపిస్తుంది. అది ఒక జీవనోపాధిగా మారడానికి ఇంకో 65 ఏళ్లు పట్టింది. ఈ భాగం ఆ జీవనోపాధి గురించి, దాన్ని నమ్ముకున్న మనుషుల గురించి.

క్రికెట్ ఎరిగిన పాఠకులకు ముందుగా రెండు సంగతులు చెప్పాలి. బేస్‌బాల్‌లో మైదానంలోని నిర్ణయాలు కెప్టెన్‌వి కావు, బయట కూర్చునే మేనేజర్‌వి. రెండోది ఇంకా ముఖ్యం. మన ఆటలో కెప్టెన్ ఒక బౌలర్‌ని ఆపి, గంట పోయాక మళ్లీ పిలవొచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి ఆట నుంచి తప్పించినవాడు ఆ రోజుకి తప్పుకున్నట్టే. పిచర్ అయినా, బ్యాటర్ అయినా అంతే. అందుకే అక్కడ ప్రతి మార్పూ తిరిగిరాని ఖర్చు.

ఇక ఎడమచేతికి ఎడమచెయ్యే ఎందుకు విరుగుడు అన్న ప్రశ్న. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు, 1893 నుంచి ఇంతే. మన 22 గజాల పిచ్ కన్నా ఐదున్నర అడుగులు తక్కువ. బంతి నేల తాకదు, గాల్లోనే వంగుతుంది. అర సెకను లోపు బ్యాటర్ దాన్ని చూడాలి, పోల్చుకోవాలి, కొట్టాలి. కుడిచేతి పిచర్ వేసే బంతి ఎడమచేతి బ్యాటర్‌కి విడిచిన క్షణం నుంచీ కళ్లెదుట కనిపిస్తూ వస్తుంది, వంగితే తనవైపే వంగుతుంది. ఎడమచేతి పిచర్ బంతి అలా కాదు. అది బ్యాటర్ ముందు భుజం వెనక నుంచి పుట్టినట్టు ఉంటుంది. ఒంటికి తగులుతుందేమోనని భుజం కాస్త వెనక్కి లాక్కునేసరికి స్లైడర్ అనే వంపు బంతి అవతలికి వంగి, బ్యాటర్ ముందున్న ప్లేట్ మీదుగా జారిపోతుంది. బ్యాటుకి అందకుండా వెలుపలికి పోయే బంతి ఎంత ప్రమాదమో వెంకటపతి రాజు బౌలింగ్ చూసిన హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పిచర్ చేతిని పైనుంచి కాకుండా పక్కనుంచి, నడుము ఎత్తులో తిప్పి వేస్తే ఆ కోణం ఇంకా ఘోరంగా ఉంటుంది.

అలవాటు సంగతి కూడా ఉంది. లోకంలో పదిమందిలో తొమ్మిదిమంది కుడిచేతివాళ్లే. ఎడమచేతి బ్యాటర్ చిన్నప్పటి నుంచి ఎదుర్కొనేది ఎక్కువగా కుడిచేతి పిచర్లనే, కంటికి ఆ కోణమే అలవాటు. నాగలి కట్టే రైతుకి ఈ కిటుకు తెలుసు. దాపట నడిచిన ఎద్దుని వలపట కడితే అది బలహీనమైనందువల్ల కాదు, ఆ పక్క అలవాటు లేనందువల్ల అడుగు తడబడుతుంది. పైగా ఎడమ పక్క నిలబడే బ్యాటర్‌కి మొదటి బేస్ ఒకటి రెండు అడుగులు దగ్గర. అందుకని పుట్టుకతో కుడిచేతివాళ్లయిన పిల్లలకు కూడా ఎడమ పక్క నిలబడి కొట్టడం నేర్పారు. దాంతో ఎడమచేతి బ్యాటర్లు బాగా పెరిగారు, ఎడమచేతి పిచర్లు కొందరే ఉన్నారు. ఆ కొరతే ఈ కథకు పెట్టుబడి.

బ్యాటర్లను ఎదుటి పిచర్ చేతిని బట్టి మార్చడం మాత్రం మెక్‌గ్రా కనిపెట్టింది కాదు. 1914లో జార్జ్ స్టాలింగ్స్ అనే మేనేజర్ బోస్టన్ బ్రేవ్స్‌లో ఔట్‌ఫీల్డ్ ఆటగాళ్లను జతలు జతలుగా తిప్పాడు. జూలై 4 నాటికి అట్టడుగున ఉన్న ఆ జట్టు వరల్డ్ సిరీస్‌ని 4–0తో గెలిచింది. అప్పటినుంచి అందరూ ఆ దారి పట్టారు. మెక్‌గ్రా అలా తిప్పిన ఎడమచేతి బ్యాటర్లలో కేసీ స్టెంగెల్ ఒకడు. ఎడమచేతి పిచర్ వచ్చినప్పుడల్లా బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో అతనికి అనుభవమే. పాతికేళ్ల తరవాత న్యూయార్క్ యాంకీస్ మేనేజర్ అయ్యాక, తనకు జరిగిందే తన ఆటగాళ్లకు చేశాడు. 1949 నుంచి 1953 దాకా వరసగా ఐదు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు.

ఆ ఐదింటిలో నాలుగోదైన 1952 సిరీస్ కూడా ఏడో ఆట దాకా వెళ్లింది. అక్టోబర్ 7, బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్. యాంకీస్ 4–2 ఆధిక్యంలో ఉన్నారు. ఏడో ఇన్నింగ్స్, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, ఒక్కడే ఔట్. బ్యాట్ పట్టుకుని వస్తున్నది డ్యూక్ స్నైడర్, బ్రూక్లిన్ డాడ్జర్స్ ప్రధాన బ్యాటర్లలో ఎడమచేతివాడు అతనొక్కడే. జాకీ రాబిన్సన్, క్యాంపనెల్లా, హాడ్జెస్, ఫురిల్లో, రీస్ అందరూ కుడిచేతివాళ్లు. అలాంటి జట్టు ముందుకి, అందులోనూ ఎబెట్స్ ఫీల్డ్‌లో, ఎడమచేతి పిచర్‌ని పంపడం ఆ రోజుల్లో సాహసమే. స్టెంగెల్ బాబ్ కుజావాని పిలిచాడు. ఆ ఇన్నింగ్స్ ఒక్క స్నైడర్ మీదే నిలిచి ఉందని అతను లెక్క వేసుకున్నాడు. స్నైడర్ కొట్టిన బంతి గాల్లోకి లేచి మూడో బేస్ దగ్గరి ఫీల్డర్ చేతుల్లో పడింది.

తరవాత రాబిన్సన్. ఒక్క ఔట్ కోసం వచ్చినవాడి పని అయిపోయింది, కుడిచేతి పిచర్‌ని పిలుస్తారని ఇప్పటివాళ్లు అనుకుంటారు. స్టెంగెల్ పిలవలేదు. రాబిన్సన్ బంతిని దిబ్బ పక్కనే నిట్టనిలువుగా లేపాడు. ఎండ కళ్లలో పడి మొదటి బేస్ మనిషి జో కాలిన్స్‌కి బంతి కనబడలేదు. కుజావా అలాగే నిలబడిపోయాడు. డాడ్జర్స్ ఆటగాళ్లు పరుగులు తీస్తూనే ఉన్నారు. రెండో బేస్ దగ్గర్నుంచి బిల్లీ మార్టిన్ పరిగెత్తుకొచ్చి, మోకాళ్ల ఎత్తులో ఆ బంతిని అందుకున్నాడు. ఆ తరవాతి రెండు ఇన్నింగ్స్‌లూ కుజావాయే వేశాడు, 8 ఔట్లు తీసి సిరీస్ ముగించాడు. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం వచ్చి, కుడిచేతివాళ్లందరినీ దాటించి దిగాడు. 1952లో ఎత్తు ఉంది కానీ ఆ ఎత్తుకే పరిమితమైన మనిషి లేడు.

అంతకు ఏడాది ముందు, 1951 మే 15న, షికాగో వైట్ సాక్స్ మేనేజర్ పాల్ రిచర్డ్స్ చేసింది ఇంకా విచిత్రం. బోస్టన్‌లో ఆట. అవతల టెడ్ విలియమ్స్, 1941లో సగటున వెయ్యికి 406 కొట్టిన ఎడమచేతి దిగ్గజం. దిబ్బ మీద ఉన్నది హ్యారీ డోరిష్ అనే కుడిచేతివాడు. రిచర్డ్స్‌కి విలియమ్స్ మీదికి ఎడమచెయ్యి కావాలి. కానీ విలియమ్స్ వెళ్లాక డోరిషే కావాలి. తీసేస్తే తిరిగి రాలేడు. తీసేయకుండా చోటు మారిస్తే? డోరిష్‌ని మూడో బేస్ దగ్గర ఫీల్డర్‌గా నిలబెట్టి, ఎడమచేతి పిచర్ బిల్లీ పియర్స్‌ని పిలిచాడు. విలియమ్స్ బంతిని పైకి లేపి ఔటయ్యాడు. పియర్స్ వెళ్లిపోయాడు, డోరిష్ మళ్లీ దిబ్బ ఎక్కాడు. నియమాల పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివినవాడికే ఇలాంటిది తడుతుంది. పియర్స్ ఆ జట్టులో మేటి పిచర్లలో ఒకడు. అంతటివాడిని ఒక్క బ్యాటర్ కోసం ఖర్చుపెట్టారంటే విలియమ్స్ అంటే ఎంత భయమో చూడండి.

ఎత్తు ఇంత పాతదైతే దాని చుట్టూ ఉద్యోగం ఎందుకు పుట్టలేదు? బెంచీ మీద చోటు లేక. జట్టుకు 25 మందే. 1970ల్లో కూడా అందులో పిచర్లు తొమ్మిది, పదిమంది. ఆట మొదలుపెట్టిన పిచరే చాలాసార్లు ముగించేవాడు. మధ్యలో వచ్చే రిలీఫ్ పిచర్లు కూడా రెండేసి, మూడేసి ఇన్నింగ్స్ మోసేవాళ్లు. 1974లో మైక్ మార్షల్ 106 ఆటల్లో దిగి 208 ఇన్నింగ్స్ పైచిలుకు వేశాడు. 1977లో యాంకీస్ ఎడమచేతి రిలీఫ్ పిచర్ స్పార్కీ లైల్ 72 ఆటల్లో 137 ఇన్నింగ్స్ వేసి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. లైల్ ఎడమచేతివాడే అయినా ఎడమచేతి బ్యాటర్ల కోసమే పెట్టుకున్నవాడు కాడు. ఎవరొస్తే వాళ్లకి వేశాడు. అలాంటివాళ్లుండగా ఒక్క బ్యాటర్ కోసం ఒక మనిషిని ఏడాదంతా మేపే స్థోమత ఏ జట్టుకీ లేదు.

ఆ లెక్క మార్చింది ఓక్లండ్ జట్టు. మేనేజర్ టోనీ లా రూసా న్యాయశాస్త్రం చదివి పట్టా పొందినవాడు. ప్రతి బ్యాటర్‌కీ ప్రతి పిచర్‌కీ మధ్య గతంలో ఏం జరిగిందో చిన్న చిన్న కార్డుల మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాడు. పిచర్ల గురువు డేవ్ డంకన్‌తో కలిసి ఆటను చివరి నుంచి వెనక్కి చూశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ డెనిస్ ఎకర్స్‌లీది, అదొక్కటే అతని పని. 1988లో ఎకర్స్‌లీ అలా 45 ఆటలు కాపాడాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి యజమాని దొరికాక ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్‌లను ముక్కలు చేసి పంచుకోవడం మొదలైంది. కుడిచేతి బ్యాటర్ల వరసకు ఒకడు, మధ్యలో వచ్చే ఎడమచేతివాడికి ఇంకొకడు.

ఆ ఎడమచేతివాడు రిక్ హనీకట్. ఒకప్పుడు ఆట మొదలుపెట్టే పిచర్, ఓక్లండ్‌లో రిలీఫ్‌కి మారాడు. 1988లో 55 ఆటల్లో దాదాపు 80 ఇన్నింగ్స్ వేశాడు. 1993లో 52 ఆటల్లో 42 ఇన్నింగ్స్ కూడా నిండలేదు. దిబ్బ ఎక్కిన సార్లు దాదాపు అన్నే, కానీ ఎక్కిన ప్రతిసారీ చేసే పని సగమైపోయింది. ఆ ఐదేళ్లలో ఒక వృత్తి పుట్టింది. లా రూసా గెలుస్తున్నాడు కాబట్టి మిగతా జట్లు అనుకరించాయి. పిచర్ల సంఖ్య పదకొండు, పన్నెండుకి పెరిగింది. వాళ్లకి చోటివ్వడానికి బెంచీ మీద బ్యాటర్లను తగ్గించారు.

1991లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో జాన్ క్యాండెలేరియా 59 ఆటల్లో దిగి 33 ఇన్నింగ్స్ పైచిలుకే వేశాడు. ఆట చరిత్ర రాసేవాళ్లు ఈ కొలువు పుట్టుకకు తరచూ ఆ ఏడాదినే చూపిస్తారు. ఈ క్యాండెలేరియా ఎవరు? ఆరడుగుల ఏడంగుళాల మనిషి. 1976లో పిట్స్‌బర్గ్ తరఫున ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించినవాడు. 1977లో 20 ఆటలు గెలిచి 5 మాత్రమే ఓడినవాడు. అలాంటివాడు చివరికి ఒక్కో బ్యాటర్ లెక్కన బతికాడని కొందరు జాలిపడతారు. నేను జాలిపడను. వయసు మళ్లిన చేయి తొమ్మిది ఇన్నింగ్స్ మోయలేదు. కానీ ఆ చేతిలోని ఒక్క స్లైడర్ ఇంకా బతికే ఉంది. పాత ఆటలో ఆ స్లైడర్‌కి చోటు లేదు, కొత్త ఆట దానికి కూలి ఇచ్చింది.

ఈ మనుషులకు 'లెఫ్టీ వన్ ఔట్ గై' అనే మాటల మొదటి అక్షరాలు కలిపి 'లూగీ' అని జాన్ సికెల్స్ అనే బేస్‌బాల్ రచయిత పేరు పెట్టాడు. అదే పలుకుబడి అమెరికా వాడుకలో కాండ్రించి ఉమ్మిన ఉమ్మికి కూడా ఉంది. పేరు స్థిరపడింది, దాంతోపాటు ఒక చిన్నచూపు కూడా స్థిరపడింది. ఇతన్ని ఆటలో అరటిపండుగా చూసినవాళ్లు తక్కువేం కాదు. అందుకే అతని రోజు ఎలా గడిచేదో కొంచెం నిదానంగా చెప్పాలనుంది.

బుల్‌పెన్ అంటే రిలీఫ్ పిచర్లు ఎదురుచూసే ఆవరణ, చాలా స్టేడియాల్లో ఔట్‌ఫీల్డ్ గోడ అవతల ఉంటుంది. ఆట మొదలై గంటన్నర దాకా అక్కడ ఏ పనీ ఉండదు. ఐదో ఇన్నింగ్స్ దాటాక ఎడమచేతివాడు ఎదుటి జట్టు బ్యాటింగ్ వరస లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాడు. తన మనిషి నాలుగో స్థానంలో ఉన్నాడు. ఈ ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్ చేరితే అతని వంతు వస్తుంది. టెలిఫోన్ మోగుతుంది. లేచి బంతులు వేస్తాడు, ఒళ్లు చెమటపడుతుంది. ఈలోగా దిబ్బ మీది పిచర్ ఇన్నింగ్స్ ముగించేస్తాడు. కూర్చోవాలి. చెయ్యి చల్లబడుతుంది. మళ్లీ ఫోన్. మళ్లీ లేవాలి. ఇలా రెండుసార్లు లేచి, ఒక్కసారి కూడా దిబ్బ ఎక్కకుండా ఇంటికి వెళ్లిన రాత్రులు ఏ లెక్కల్లోనూ ఉండవు. భుజం మాత్రం వాటిని లెక్కపెట్టుకుంటుంది.

పిలుపొచ్చాక మైదానం అడ్డంగా పరిగెత్తుకొస్తాడు. దిబ్బ మీద ఎనిమిది బంతులు అలవాటు కోసం. అప్పుడు అసలు పరీక్ష. ఎదుటి మేనేజర్ చేతులు ముడుచుకుని కూర్చోడు. ఎడమచేతి పిచర్ పేరు ప్రకటించగానే తన ఎడమచేతి బ్యాటర్‌ని వెనక్కి పిలిచి కుడిచేతివాడిని పంపొచ్చు. పాత నియమం ప్రకారం దిబ్బ ఎక్కిన పిచర్ కనీసం ఒక్క బ్యాటర్ సంగతైనా తేల్చాకే దిగాలి. అంటే ఎవరి కోసం వచ్చాడో అతను మాయమై, ఎవరికి దొరక్కూడదో అతను ఎదురొస్తాడు. అటు మేనేజర్‌కీ నష్టమే, మంచి బ్యాటర్ ఆ రోజుకి పోయినట్టే. కొన్నిసార్లు ఎడమచేతివాడిని పంపడంలో ఉద్దేశమే అది, అవతలి మేటి బ్యాటర్‌ని బెంచీకి తోలడం. 1924లో హారిస్ టెర్రీకి చేసిందే ఇది, దీన్నే రాత్రి రాత్రికీ దేశమంతటా ఆడుతూ వచ్చారు.

ఎదురుగా తను కోరిన బ్యాటరే నిలబడితే నాలుగైదు బంతుల్లో పని ముగుస్తుంది. ఔట్ చేస్తే మేనేజర్ వచ్చి బంతి తీసుకుంటాడు. హిట్ ఇస్తే కూడా మేనేజర్ వచ్చి బంతి తీసుకుంటాడు. తప్పు దిద్దుకోవడానికి రెండో బ్యాటర్ లేడు. ఆట మొదలుపెట్టే పిచర్‌కి ఆ రోజు ఇంకా ఇరవై అవకాశాలుంటాయి. ఇతనికి మాత్రం రేపటి దాకా ఏమీ లేదు, రేపు కూడా ఫోన్ మోగితేనే. ఇంత ఒంటరి పని ఆ ఆటలో ఇంకొకటి ఉందని నేననుకోను.

ఈ కొలువు ఎంత ఆయుష్షు ఇచ్చిందో జెస్సీ ఒరోస్కోని చూస్తే తెలుస్తుంది. 1986లో న్యూయార్క్ మెట్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు చివరి బంతి వేసి, గ్లవ్‌ని ఆకాశంలోకి విసిరి మోకాళ్ల మీద పడిన మనిషి ఇతనే. అంతకుముందు 1969లో మెట్స్‌ని గెలిపించిన చివరి బంతి జెర్రీ కూజ్‌మన్‌ది, అతనూ ఎడమచేతివాడే. కూజ్‌మన్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసిన బేరంలోనే ఒరోస్కో మెట్స్‌కి వచ్చాడు. 1986 నాటికి అతను ఆట ముగించే పిచర్. తరవాతి పదిహేనేళ్లలో ఇన్నింగ్స్ తగ్గుతూ పోయాయి, ఆటలు మాత్రం తగ్గలేదు. 2003లో 46 ఏళ్ల వయసులో 65 ఆటల్లో దిగి 34 ఇన్నింగ్స్ వేసి విశ్రమించాడు. మొత్తం 24 సీజన్లు, 1,252 ఆటలు. మేజర్ లీగ్‌లో ఏ పిచరూ అన్నిసార్లు దిబ్బ ఎక్కలేదు.

ర్యాండీ చోట్ దగ్గరికి వచ్చేసరికి ఈ వృత్తి దాని చివరి అంచు చేరింది. చేతిని పక్కనుంచి తిప్పి వేసే చోట్‌కి సెయింట్ లూయిస్ కార్డినల్స్ మూడేళ్లకి 75 లక్షల డాలర్లు ఇచ్చింది. 2015లో అతను 71 ఆటల్లో దిగాడు. వేసింది 27 ఇన్నింగ్స్, ఆపైన ఒక్క ఔట్. అంటే ఇన్నింగ్స్‌కి మూడు ఔట్ల లెక్కన ఏడాది మొత్తానికి 82 ఔట్లు, ఆటకి ఒకటి కన్నా కొంచెం ఎక్కువ.

ఈ పద్ధతి నిండుగా పండిన రాత్రి ఏదంటే నేను 2010 అక్టోబర్ 23 అంటాను. ఫిలడెల్ఫియా జట్టుకు వెన్నెముక ఇద్దరు ఎడమచేతి బ్యాటర్లు, చేజ్ అట్లీ, రయన్ హోవర్డ్. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అంతకు మూడు నెలల ముందు పిట్స్‌బర్గ్ నుంచి హావియెర్ లోపెజ్ అనే పక్కచేతి ఎడమ పిచర్‌ని తెచ్చుకుంది. ఆ రాత్రి ఈ రెండు జట్ల మధ్య నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఆరో ఆటను మొదలుపెట్టిన జొనథన్ శాంచెజ్ మూడో ఇన్నింగ్స్‌లోనే తడబడితే జెరెమీ ఆఫెల్ట్ వచ్చాడు. తరవాత మాడిసన్ బమ్‌గార్నర్, తరవాత లోపెజ్. వరసగా నలుగురు ఎడమచేతివాళ్లు. లోపెజ్ ఏడో ఇన్నింగ్స్‌లో అట్లీనీ హోవర్డ్‌నీ మధ్యలోని పొలాంకోనీ వరసగా పంపేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హ్వాన్ ఉరీబే హోమ్‌రన్ కొట్టడంతో జెయింట్స్ 3–2తో గెలిచింది, ఆ గెలుపు లోపెజ్ పేరిట రాశారు. ఆఖరి ఔట్ మాత్రం కుడిచేతి బ్రయన్ విల్సన్‌ది. బ్యాట్ పట్టుకుని కదలకుండా నిలబడిపోయిన ఆఖరి బ్యాటర్ హోవర్డే.

విసుగు కూడా అప్పటికే పెరిగింది. ప్రతి మార్పుకీ మేనేజర్ నెమ్మదిగా నడిచిరావడం, కొత్తవాడు పరిగెత్తుకురావడం, టీవీలో ప్రకటనలు. ఏడో ఇన్నింగ్స్‌లో మూడు మార్పులు జరిగితే ఉత్కంఠ చల్లారిపోయేది. ఆటలు మూడు గంటలు దాటిపోయేవి. ఆ ఫిర్యాదులో న్యాయం లేదనను. కానీ ఆట సాగడానికి బంతికీ బంతికీ మధ్య పిచర్లూ బ్యాటర్లూ తీసుకునే వ్యవధే పెద్ద కారణం. 2023లో బంతి వేయడానికి గడియారం పెట్టగానే ఆటలు ఒక్కసారిగా కురచయ్యాయి. అంతకు మూడేళ్ల ముందే శిక్ష ఒక్క ఔట్ మనిషికి పడింది.

ఆ శిక్ష వేసిన నియమం రాకముందు పాత ఎత్తు ఒక్కసారి పైకి తేలింది. 2018 అక్టోబర్ 17, లాస్ ఏంజెలెస్. మిల్వాకీ బ్రూవర్స్ మేనేజర్ క్రెయిగ్ కౌన్సెల్ ఆట మొదలుపెట్టడానికి వేడ్ మైలీ అనే ఎడమచేతివాడిని పంపాడు. డాడ్జర్స్ దానికి తగ్గట్టు కుడిచేతి బ్యాటర్లను నింపుకుంది. మైలీ ఒకే ఒక్క బ్యాటర్‌కి వేశాడు, వెంటనే దిగిపోయాడు. కుడిచేతి బ్రాండన్ వుడ్రఫ్ వచ్చాడు. ఆగ్డెన్, మాగ్రిడ్జ్‌ల కథనే చేతులు మార్చి ఆడారు, 94 ఏళ్ల తరవాత. ఆ ఆట మిల్వాకీ 5–2తో ఓడిపోయింది.

2019 మార్చిలో లీగూ ఆటగాళ్ల సంఘమూ కలిసి ప్రకటించిన నియమం 2020 సీజన్ నుంచి అమల్లోకి వచ్చింది. దిబ్బ ఎక్కిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగియాలి. గాయం, అనారోగ్యం మాత్రమే మినహాయింపు. ఆట మొదలుపెట్టేవాడికీ ఇదే వర్తిస్తుంది కాబట్టి హారిస్ ఎత్తు, కౌన్సెల్ ఎత్తు రెండూ చట్టవిరుద్ధమయ్యాయి. ఎడమచేతి రిలీఫ్ పిచర్లు పోలేదు, కుడిచేతి బ్యాటర్లను కూడా ఔట్ చేయగలవాళ్లు మిగిలారు. ఒక్క స్లైడర్ మీద బతికేవాళ్లకి పిలుపులు ఆగిపోయాయి.

2024 అక్టోబర్ 25, లాస్ ఏంజెలెస్. వరల్డ్ సిరీస్ మొదటి ఆట. పదో ఇన్నింగ్స్, యాంకీస్ 3–2 ఆధిక్యం, డాడ్జర్స్ ఆటగాళ్లు రెండు బేస్‌ల మీద ఉన్నారు, ఒక్కడే ఔట్. వరసలో ముగ్గురు: షోహే ఒహ్తానీ ఎడమ, మూకీ బెట్స్ కుడి, ఫ్రెడ్డీ ఫ్రీమన్ ఎడమ. బుల్‌పెన్‌లో ఇద్దరు ఎడమచేతివాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఒకడు ఆ సీజనంతా రిలీఫ్ పనే చేసిన టిమ్ హిల్. ఇంకొకడు నెస్టర్ కోర్టెస్, ఆ ఏడాది ఎక్కువగా ఆట మొదలుపెట్టిన పిచర్, మోచేతి గాయంతో సెప్టెంబర్ 18 తరవాత ఒక్క ఆటలోనూ బంతి వేయలేదు. పాత రోజులైతే ముగ్గురికీ ముగ్గురు వేర్వేరు పిచర్లను పిలవడానికి దారి ఉండేది. ఇప్పుడు ఒక్కడినే ఎంచుకోవాలి. యాంకీస్ మేనేజర్ ఆరన్ బూన్ కోర్టెస్‌ని పిలిచాడు.

మొదటి బంతికే ఒహ్తానీ ఎడమ పక్కకి లేపాడు. అలెక్స్ వెర్డూగో పరిగెత్తి క్యాచ్ పట్టి, ఆ ఊపులో ప్రేక్షకుల్లోకి బోర్లా పడ్డాడు. ఫీల్డర్ మైదానం బయట పడ్డాడు కాబట్టి నియమం ప్రకారం ఆటగాళ్లిద్దరూ తలో బేస్ ముందుకి జరిగారు. మొదటి బేస్ ఖాళీ అయింది. కుడిచేతి బెట్స్‌తో తలపడకుండా బూన్ అతన్ని కావాలనే మొదటి బేస్‌కి పంపించేశాడు, దానికి బంతి వేయాల్సిన పని కూడా లేదు. బేస్‌లు నిండాయి, ఇద్దరు ఔట్. ఎడమచేతికి ఎడమచెయ్యి. చీలమండ బెణికి నెల రోజులుగా కుంటుతున్న ఫ్రీమన్ నిలబడ్డాడు.

కోర్టెస్ వేసిన రెండో బంతి కుడి పక్క గ్యాలరీలో పడింది. 6–3. వరల్డ్ సిరీస్ చరిత్రలో నిండు బేస్‌ల మీద హోమ్‌రన్‌తో ఆట అక్కడికక్కడే ముగియడం అదే మొదటిసారి.

(సశేషం)